మ్యూజియంలోని శిల్పాన్ని చదవడం: క్యూరేటర్ సి. శివరామమూర్తి కృషి, కడప జిల్లా శిల్పాలు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• ఊళ్లలోని శిల్పాలు, శాసనాలు మ్యూజియాలకు ఎలా చేరాయో వివరించగలుగుతారు.
• క్యూరేటర్ చేసే పనిలో భద్రపరచడం, బోధించడం అనే రెండు భాగాలను గుర్తించగలుగుతారు.
• కలంబూరు శివరామమూర్తి (1909–1983) మ్యూజియం సేవను, ఆయన పద్ధతిలోని బలాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• మీ ఊళ్లోని ఒక పాత శిల్పాన్ని క్రమపద్ధతిలో నమోదు చేయగలుగుతారు.

1. పరిచయం

మీరు పెండ్లిమర్రిలో ఉన్నా, ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల్లోని ఏ ఊళ్లో ఉన్నా, పాత చెక్కుడు రాయి ఒకటి మీ కంటపడే ఉంటుంది. అది గుడి గోడవారన ఒరిగి ఉండవచ్చు. చెరువుకట్ట మీద సగం పూడి ఉండవచ్చు. దానికి పసుపు కుంకుమలు పెట్టి కొలుస్తూ ఉండవచ్చు, లేదా బట్టలుతికే బండగా వాడుతూ ఉండవచ్చు. ఆ రాయి ఏమిటని అడిగితే ఊరి పెద్దలు ఒక కథ చెబుతారు. చరిత్ర విద్యార్థి ఇంకొన్ని ప్రశ్నలు అడగాలి. దాన్ని ఎవరు చెక్కించారు? ఎప్పుడు? ఎందుకు? అది మొదటి నుంచీ ఇక్కడే ఉందా?

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతికి, ఆ జవాబులను మామూలు సందర్శకుడికి అర్థమయ్యేలా చెప్పడం మ్యూజియం క్యూరేటర్ పని. క్యూరేటర్ అనగానే తాళాల గుత్తి పట్టుకుని వస్తువులకు కాపలా కాసే అధికారి మనకు గుర్తుకు వస్తాడు. వస్తువును కాపాడటం ఆ ఉద్యోగంలో సగం మాత్రమే. ఊరు విడిచిన శిల్పం తన పరిసరాలను, తన పేరును, తన కథను పోగొట్టుకుంటుంది. వాటిని వెతికి తిరిగి దాని పక్కన నిలబెట్టడం మిగతా సగం. ఈ రెండో సగాన్ని జీవితమంతా చేసిన వ్యక్తిగా శివరామమూర్తి కృషిని ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఆయన పనిచేసిన మదరాసు మ్యూజియం ఒకప్పుడు కడప జిల్లాకు కూడా ప్రాంతీయ మ్యూజియమే. అందుకే ఆయన కథలో మన జిల్లా శిల్పాల కథ కూడా కలిసి ఉంది.

2. ఊరి నుంచి మ్యూజియానికి

1800లో కడప ప్రాంతం దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తరవాతి దశకాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకులచేత ఊరూరా కైఫీయతులు సేకరింపజేశాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఈ పనిలో ఆయనకు అండగా నిలిచారు. ఊరి పుట్టుక, గుళ్లు, శాసనాలు, మాన్యాలు, స్థానిక కథలు కైఫీయతుల్లో ఉన్నాయి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. కైఫీయతు ఊరి వివరాన్ని కాగితం మీదికి ఎక్కించింది, రాయిని మాత్రం ఊళ్లోనే ఉంచింది.

తరవాతి కాలంలో రాళ్లు కూడా కదిలాయి. మన జిల్లాలో ఇందుకు మంచి ఉదాహరణ దానవులపాడు. జమ్మలమడుగు సమీపంలో పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఇసుక కింద పూడిపోయిన జైన ఆలయం 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో బయటపడింది. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే దాని వివరాలను శాఖ 1905–06 వార్షిక నివేదికలో ప్రకటించాడు. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రునికి నిత్యవర్షుడనే బిరుదు ఉంది. ఆయన 10వ శతాబ్దం తొలి భాగంలో పాలించాడు. శాంతినాథ తీర్థంకరుని అభిషేకానికి ఆయన చేయించిన పీఠం ఇక్కడ దొరికింది. ఆయన దండనాయకుడు శ్రీవిజయుని స్తంభ శాసనం కూడా దొరికింది. యుద్ధాలు చేసిన ఆ సేనాని చివరికి జైన సంప్రదాయం ప్రకారం ఆహారం విడిచి దేహత్యాగం చేశాడని ఆ శాసనం చెబుతుంది. దానవులపాడు శిల్పాల్లో, శాసనాల్లో కొన్ని మదరాసు మ్యూజియానికి చేరాయి.

రెండో ఉదాహరణ పెద్దముడియం. జమ్మలమడుగు ప్రాంతానికే చెందిన ఈ ఊరి నుంచి ఒక చిన్న శిలాఫలకం మదరాసు మ్యూజియానికి వెళ్లింది. బ్రహ్మ, నరసింహుడు, శివలింగం, విష్ణువు, శ్రీవత్స చిహ్న రూపంలో లక్ష్మి, మహిషాసురమర్దిని మొదలైన దేవతలు అందులో ఒకే వరసలో ఉన్నారు. ఇది సుమారు 4–5 శతాబ్దాల నాటిదని పండితుల అంచనా. తెలుగు నేల మీద దేవతా రూపాలు ఇంకా స్థిరపడుతున్న దశకు ఇది సాక్ష్యం. పెద్దముడియానికి మరో ప్రసిద్ధి కూడా ఉంది. తూర్పు చాళుక్యుల శాసనాల్లో ఒక వంశకథ కనిపిస్తుంది. రాజు యుద్ధంలో మరణించగా గర్భవతి అయిన రాణి ముడివేము అగ్రహారం చేరిందనీ, అక్కడ విష్ణుభట్ట సోమయాజి ఆమెకు ఆశ్రయం ఇచ్చాడనీ ఆ కథ. ఆ ముడివేమే నేటి పెద్దముడియమని చరిత్రకారులు గుర్తించారు.

రాళ్లు ఇలా కదలడానికి కారణాలు ఏమిటి? కొన్నిచోట్ల శిథిలాలను సున్నానికి, ఇళ్ల కట్టుబడికి వాడేస్తుంటే కాపాడటం కోసం తరలించారు. కొన్నిచోట్ల సేకరణ మీద ఉన్న ఆశే కారణం. చట్టం కూడా ఒక దారి చూపింది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపాన్ని గురించి కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహం విలువ మీద ఐదో వంతు అదనంగా చెల్లించేది. మదరాసు మ్యూజియంలోని కంచు విగ్రహాల్లో చాలా భాగం ఈ చట్టం ద్వారానే వచ్చాయి.

తరలింపు మీద ఆ రోజుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉండేవి. 1880లలో ప్రాచీన కట్టడాల క్యూరేటర్‌గా పనిచేసిన హెచ్.హెచ్. కోల్ శిల్పాలను వాటి స్థలం నుంచి కదల్చకూడదని గట్టిగా వాదించాడు. అమరావతిలో తవ్వకాలు జరిపిన జేమ్స్ బర్జెస్ మాత్రం వాటిని మదరాసుకు పంపడానికే మొగ్గాడు. చివరికి బర్జెస్ మాటే నెగ్గింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. కైఫీయతుకూ, మ్యూజియం సేకరణకూ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
2. దానవులపాడులో దొరికిన రెండు శాసన ఆధారాలను పేర్కొనండి.

3. మదరాసు మ్యూజియం

మదరాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో ఏర్పడింది. ఎడ్వర్డ్ బాల్ఫర్ దాని తొలి అధికారి. 1854లో అది ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణకు మారింది. మొదట్లో దాని దృష్టి రాళ్లు, ఖనిజాలు, జంతువుల నమూనాలు, వ్యవసాయ ఉత్పత్తుల మీద ఉండేది. ఆ ఆవరణలో కొంతకాలం జంతు ప్రదర్శన కూడా నడిచింది. మదరాసు జనం తమ వాడుకలో జంతువులున్న చోటును బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ పిలుచుకునేవారు. ఈ పేర్లలో చమత్కారంతో పాటు ఒక నిజం ఉంది. జనం మ్యూజియాన్ని ఒక రకం చదువుల చోటుగానే గుర్తించారు. అయితే అక్కడి వస్తువులు వారితో ఏమీ మాట్లాడలేదు.

తెలుగువారికి ఈ మ్యూజియంలో అన్నిటికంటే ముఖ్యమైనది అమరావతి శిల్ప సంపద. మెకంజీ 1797 ప్రాంతంలో అమరావతి స్తూపాన్ని చూశాడు, 1816లో మళ్లీ వచ్చి చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మదరాసు చేరి చాలాకాలం ఎండకు, వానకు బయటే ఉన్నాయి. 1859లో 121 శిల్పాలను లండన్‌కు పంపారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. బర్జెస్ 1881–82లో తీసిన పలకలు మదరాసుకు వచ్చాయి. వాటిలో కొన్నిటిని గోడల్లో సిమెంటుతో బిగించారు. అంటే భద్రపరచడమనే మొదటి సగం కూడా అప్పటికి సరిగా జరగలేదు. రెండో సగానికి ఇంకా సమయం పట్టింది.

1920 నుంచి 1940 వరకు మ్యూజియం పర్యవేక్షకుడిగా ఉన్న ఎఫ్.హెచ్. గ్రేవ్‌లీ నిజానికి జంతుశాస్త్రవేత్త. సాలెపురుగుల మీద పరిశోధన చేసినవాడు. జంతువులను జాతులుగా, ఉపజాతులుగా వర్గీకరించే చూపుతోనే ఆయన శిల్పాలను కూడా చూశాడు. ఆయన, టి.ఎన్. రామచంద్రన్ కలిసి 1932లో లోహ విగ్రహాల పట్టిక ప్రచురించారు. విష్ణువు శంఖచక్రాలను పట్టుకున్న తీరు, వాటి చుట్టూ చెక్కిన జ్వాలలు, నగల అమరిక వంటి చిన్న లక్షణాలను పోల్చి విగ్రహాల కాలక్రమాన్ని తేల్చే ప్రయత్నం అందులో ఉంది. శివరామమూర్తి ఉద్యోగ జీవితం ఈ వాతావరణంలో మొదలైంది.

4. శివరామమూర్తి: చదువు, తొలి కృషి

కలంబూరు శివరామమూర్తి 1909లో జన్మించారు. తమిళ కుటుంబం నుంచి వచ్చారు. మదరాసులో సంస్కృతం ప్రధానంగా చదివారు. కావ్యాలు, పురాణాలు, ఆగమాలు ఆయనకు బాగా తెలుసు. దానితో పాటు ఆయనకు చక్కగా బొమ్మలు గీయడం తెలుసు. తన పుస్తకాల్లోని రేఖాచిత్రాలు చాలావరకు ఆయనే గీసుకున్నారు. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవడం ఆయన పనికి ఎంతగానో ఉపకరించింది. శిల్పాన్ని గీయడం మొదలుపెట్టినవాడు దాని ప్రతి గీతనూ చూడక తప్పదు. కావ్యం తెలిసినవాడికి ఆ గీత ఏ కథలోదో స్ఫురిస్తుంది.

మదరాసు మ్యూజియం పురావస్తు విభాగంలో క్యూరేటర్‌గా పనిచేస్తూ ఆయన గ్రేవ్‌లీతో కలిసి 1939లో పురావస్తు ప్రదర్శనశాలలకు ఒక మార్గదర్శిని రాశారు. దక్షిణ భారత ఆలయ వాస్తుకు, శిల్పానికి అది ప్రవేశిక. స్తంభం తలమీది బోదిక ఏ రూపంలో ఉంది, గోడలోని గూడు ఎలా ఉంది, కపోతం మీది కూడు ఆకారం ఎలా మారింది అని చూస్తూ గుడి కాలాన్ని అంచనా వేయడం అందులో నేర్చుకోవచ్చు. ఇది పండితుల కోసం రాసిన పరిశోధనా వ్యాసం కాదని గమనించండి. మ్యూజియానికి వచ్చే సందర్శకుడు చేతిలో పట్టుకుని తిరుగుతూ చదువుకోవడానికి రాసినది. ఇంటికి వెళ్లాక తన ఊరి గుడిని కూడా అతను ఆ కళ్లతో చూడగలడు.

5. అమరావతి శిల్పాలు: ఒక పద్ధతికి నమూనా

1942లో మదరాసు మ్యూజియం బులెటిన్‌గా వెలువడిన అమరావతి శిల్పాల గ్రంథం ఆయన కృషిలో అత్యంత ముఖ్యమైనది. ఇందులో ఆయన మూడు పనులు చేశారు.

మొదటిది, కాలనిర్ణయం. పలకల మీది అక్షరాల రూపాన్ని, మనుషుల ఆకృతిని, నగలను, వస్త్రధారణను పోల్చి శిల్పాలను నాలుగు దశలుగా విభజించారు. ఆయన లెక్క ప్రకారం మొదటి దశ క్రీ.పూ. 200–100, రెండోది క్రీ.శ. 100 ప్రాంతం, మూడోది క్రీ.శ. 150 ప్రాంతం, నాలుగోది క్రీ.శ. 200–250. తరవాతి పరిశోధకులు ఈ తేదీల్లో కొన్నిటిని సవరించారు. అయినా అక్షరాన్నీ, శైలినీ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి నిలిచింది.

రెండోది, కథల గుర్తింపు. ఉదాహరణకు నలగిరి ఏనుగు కథ చెక్కిన వృత్తాకార శిల్పాన్ని తీసుకోండి. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతూ వస్తోంది. జనం చెదిరిపోతున్నారు, మేడల మీది నుంచి కొందరు చూస్తున్నారు. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. కథ తెలియని సందర్శకుడికి ఇక్కడ రెండు ఏనుగులు కనబడతాయి. కథ తెలిసినవాడికి ఒకే ఏనుగు మనసు మారిన క్షణం కనబడుతుంది. బౌద్ధ జాతక కథలను, సంస్కృత పాళీ గ్రంథాలను శిల్పాల పక్కన పెట్టి ఆయన ఇలాంటి గుర్తింపులు ఎన్నో అందించారు.

మూడోది, శిల్పాల్లోని దైనందిన జీవితాన్ని వివరించడం. వాద్యాలు, తలపాగాలు, బండ్లు, పాత్రలు, ఆయుధాలు, కూర్చునే పీటలు మొదలైనవాటిని ఆయన రేఖాచిత్రాలుగా గీసి వర్గీకరించారు. రాజుల పేర్లతో నిండిన చరిత్రలో మామూలు మనుషులు ఏం తొడిగారు, ఏం వాయించారు, దేనిమీద ప్రయాణించారు అనే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు దొరుకుతాయి.

6. లిపి నేర్పిన పుస్తకం

శాసనం చదవగలిగితే ఏం మారుతుందో అమరావతిలోని ఒక పలక చూపిస్తుంది. దాని మీద నిండు కలశం చెక్కి ఉంది. అక్షరాలు చదవకపోతే అది అందమైన పూర్ణకుంభం. చదివితే, దాన్ని విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి స్తూపానికి దానంగా ఇచ్చాడని తెలుస్తుంది. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తోలుపని చేసే మనిషి పేరు, అతని తండ్రి పేరు దాదాపు 1800 ఏళ్ల తరవాత కూడా మనకు అందాయి. ఆ దానాన్ని, ఆ గౌరవాన్ని నిరూపించే ఆధారం ఆ నాలుగు అక్షరాల వరసే. అందుకే పాత లిపి చదవగలగడం కొద్దిమంది నిపుణుల సొత్తుగా మిగిలిపోకూడదు.

శివరామమూర్తి 1952లో భారతీయ శాసనశాస్త్రం, దక్షిణ భారత లిపుల మీద ఒక గ్రంథాన్ని మదరాసు మ్యూజియం బులెటిన్‌గానే ప్రచురించారు. బ్రాహ్మి అక్షరం శతాబ్దం తరవాత శతాబ్దం ఎలా వంపులు తిరిగి తెలుగు, కన్నడ, తమిళ, గ్రంథ లిపులుగా మారిందో అందులో గీసి చూపించారు.

మన జిల్లా విద్యార్థికి ఈ విషయం చాలా దగ్గరిది. రేనాటి చోళులు కడప ప్రాంతాన్ని ఏలారు. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో, కమలాపురం మండలంలోని ఎర్రగుడిపాడులో దొరికిన వారి శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతానివి. తెలుగు భాషలో లభించిన తొలి శాసనాలుగా వీటిని పేర్కొంటారు. సంస్కృతం, ప్రాకృతం రాజభాషలుగా ఉన్న కాలంలో ఈ రాజులు తెలుగులో రాయించారు. నేటి తెలుగు అక్షరాలు మాత్రమే తెలిసినవాడు ఆ రాతి ముందు నిలబడితే ఒక్క ముక్క చదవలేడు. అక్షర పరిణామ పట్టిక చేతిలో ఉంటే, మొదట ‘ర’, ‘న’, ‘ల’ వంటి కొన్ని అక్షరాలు గుర్తుపట్టి, నెమ్మదిగా పదాల దాకా వెళ్లగలడు. క్యూరేటర్ చేసిన బోధన ఇలా మ్యూజియం గోడలు దాటి ఊరి దాకా వస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
3. అమరావతి శిల్పాల కాలాన్ని నిర్ణయించడానికి శివరామమూర్తి వాడిన ఆధారాలు ఏమిటి?
4. విధికుని శాసనం సామాజిక చరిత్రకు ఎందుకు ముఖ్యం?

7. రాయలసీమ శిల్పాలు, తూర్పు చాళుక్య శిల్పాలు

మదరాసు రాష్ట్రం నుంచి 1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిహద్దులు మారినా మదరాసు మ్యూజియంలోని తెలుగు ప్రాంతపు శిల్పాలు అక్కడే ఉండిపోయాయి. శివరామమూర్తి వాటి మీద రాయడం మానలేదు. తొలి తూర్పు చాళుక్య శిల్పం మీద ఆయన గ్రంథం 1957లో వచ్చింది. 1964లో మదరాసు మ్యూజియంలోని నొళంబ శిల్పాల మీద బులెటిన్ వెలువడింది. నొళంబుల రాజధాని హేమావతి మడకశిర ప్రాంతంలో ఉంది. కడప విద్యార్థికి పొరుగు నేలే. గట్టి నల్లరాతిలో నగిషీ తగ్గకుండా చెక్కిన హేమావతి స్తంభాలు, విగ్రహాలు చాళుక్య, చోళ శైలుల మధ్య ఒక స్థానిక సంప్రదాయం నిలబడి ఉందని చూపిస్తాయి. పెద్ద రాజవంశాల పేర్ల కింద కలిసిపోయిన ఇలాంటి స్థానిక శైలికి విడిగా ఒక పుస్తకం రావడం దానికి దక్కిన గుర్తింపు.

8. మదరాసు నుంచి ఢిల్లీకి

మదరాసు తరవాత శివరామమూర్తి భారత పురావస్తు శాఖలోను, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలోను, ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలోను బాధ్యతలు నిర్వహించారు. జాతీయ మ్యూజియం 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవనంలో ప్రారంభమైంది, 1960లో సొంత భవనానికి మారింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో కళా మ్యూజియాన్ని తొలి నుంచి నడిపిన గ్రేస్ మోర్లీ 1960 నుంచి 1966 వరకు దీనికి డైరెక్టరుగా ఉన్నారు. ఆమె తరవాత శివరామమూర్తి ఆ పదవి చేపట్టారు.

పదవులు పెరిగినా ఆయన చిన్న పుస్తకాలు రాయడం వదల్లేదు. మహాబలిపురం మీద, చోళ దేవాలయాల మీద పురావస్తు శాఖ కోసం ఆయన రాసిన మార్గదర్శినులు యాత్రికుడి సంచిలో పట్టేవి. 1955లో వచ్చిన సంస్కృత సాహిత్యం–కళ అనే గ్రంథంలో కావ్య వర్ణనలను, శిల్పాలను జంటగా చూపించారు. 1959లో దేశంలోని మ్యూజియాల వివరాలతో ఒక నిర్దేశిని తయారుచేశారు. 1974లో నటరాజు మీద ఆయన పెద్ద గ్రంథం వెలువడింది. భారత ప్రభుత్వం 1968లో పద్మశ్రీతోను, 1975లో పద్మభూషణ్‌తోను ఆయనను గౌరవించింది. దక్షిణ భారత జైన కళ మీద ఆయన గ్రంథం 1983లో వచ్చింది. ఆయన మరణించిన సంవత్సరం కూడా అదే.

9. ఈ పద్ధతిలోని పరిమితులు

చరిత్ర విద్యార్థి ఏ పండితుని కృషినైనా మెచ్చుకుంటూనే పరీక్షించాలి. శివరామమూర్తి కృషి విషయంలో మూడు పరిమితులు గమనించదగినవి.

మొదటిది భాష. ఆయన రచనల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నాయి. శిల్పం దొరికిన ఊరివాడికి దాని గురించిన పుస్తకం అందలేదు. దానవులపాడు రైతు పొలంలో దొరికిన రాయి గురించి ఆ రైతు మనుమడు తెలుగులో చదువుకోవాలంటే చాలాకాలం వేచి ఉండాల్సి వచ్చింది.

రెండోది గ్రంథాల మీద ఆధారం. సంస్కృత, పాళీ గ్రంథాల్లో కథ ఉన్న శిల్పానికి ఈ పద్ధతి వెలుగునిస్తుంది. గ్రంథంలో లేని దేవతలకు అంతగా ఉపకరించదు. పెండ్లిమర్రి మండలంలోని పొలతల క్షేత్రంలో మల్లికార్జునస్వామితో పాటు అక్కదేవతలను కూడా భక్తులు కొలుస్తారు. పశువుల కోసమో, ఊరి పొలిమేర కోసమో పోరాడి చనిపోయినవారికి నిలిపిన వీరగల్లులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వీటి అర్థం పుస్తకాల్లో కంటే జాతరలో, పాటలో, పూజారి మాటలో, కులపెద్దల జ్ఞాపకంలో ఎక్కువగా దొరుకుతుంది. ఇక్కడ కైఫీయతుల పద్ధతి మళ్లీ అవసరమవుతుంది.

మూడోది స్థలం. మ్యూజియంలో ఉన్న పలకకు కథ చెప్పవచ్చు. అది నిలిచిన చోట సూర్యుడు ఏ వైపు ఉదయించేవాడు, పక్కన ఏ వాగు పారేది, ఏ దారి ఆ గుడికి వచ్చేది అన్నది స్థలానికి వెళ్తేనే తెలుస్తుంది. పెన్నా ఒడ్డును చూడకుండా దానవులపాడు ఆలయం ఇసుకలో ఎందుకు పూడిపోయిందో ఊహించలేం. అందుకే తరవాతి కాలంలో దొరికిన వస్తువులను దొరికిన జిల్లాలోనే ఉంచాలన్న ఆలోచన బలపడింది. కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం 1982లో ఏర్పడింది. జమ్మలమడుగు దగ్గరి మైలవరంలో కూడా ఒక పురావస్తు మ్యూజియం ఉంది. వీటివల్ల మన జిల్లా శిల్పాన్ని చూడటానికి చెన్నై దాకా వెళ్లాల్సిన అవసరం కొంత తగ్గింది. అయితే మ్యూజియం దగ్గరికి వచ్చినంత మాత్రాన శిల్పం మాట్లాడదు. ఊరి పేరు, శతాబ్దం మాత్రమే రాసిన చీటీ ముందు సందర్శకుడు అర నిమిషం కూడా ఆగడు. చెప్పేవాడు ఇక్కడ కూడా కావాలి.

10. మీ వంతు: ఒక శిల్పాన్ని నమోదు చేయడం

ఈ పాఠానికి సంబంధించిన క్షేత్రకార్యంగా మీ ఊళ్లోగానీ, పక్క ఊళ్లోగానీ ఒక పాత శిల్పాన్ని ఎంచుకోండి. కింది క్రమంలో పని చేయండి.

(అ) స్థలం: ఊరు, మండలం, రాయి ఏ దిక్కుకు తిరిగి ఉంది, దగ్గరలోని గుడి, చెరువు, దారి. ఇంతకు ముందు వేరేచోట ఉండేదా అని పెద్దలను అడిగి రాసుకోండి.

(ఆ) కొలతలు: పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో. రాయి రంగు, విరిగిన భాగాలు.

(ఇ) రేఖాచిత్రం: ఫోన్‌తో ఫోటో తీసినా సరే, తరవాత పెన్సిలుతో బొమ్మ గీయండి. ఫోటో తీసేటప్పుడు కనబడని ఆయుధమో, నగో గీసేటప్పుడు తప్పక కనబడుతుంది.

(ఈ) అక్షరాలు: ఉంటే వరసల సంఖ్య రాయండి. ఉదయంగానీ సాయంత్రంగానీ ఏటవాలు ఎండలో చూస్తే అరిగిన అక్షరాలు బాగా తేలుతాయి. తడి కాగితాన్ని రాతిమీద పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది తీసే ఎస్టాంపేజీని శిక్షణ, అనుమతి లేకుండా ప్రయత్నించకండి.

(ఉ) ఊరి మాట: ఆ రాయిని ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారు? ఎప్పుడు పూజిస్తారు? ఎవరు చేస్తారు? చెప్పినవారి మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. మీకు నిజమనిపించని కథను కూడా వదిలిపెట్టకండి.

(ఊ) పోలిక: కడప మ్యూజియంలో అలాంటి శిల్పం ఉందేమో చూసి తేడాలు రాయండి.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. రాయిని కదపకండి. అక్షరాల్లో సుద్దగానీ, రంగుగానీ నింపకండి. గుడికి సున్నం, రంగు వేసేటప్పుడు శాసనం మీద వేయవద్దని ఊరివారికి నచ్చజెప్పండి. ఏటేటా పడే సున్నం పూతల కింద చాలా శాసనాలు కనబడకుండా పోతున్నాయి. భూమిలో కొత్తగా ఏదైనా దొరికితే రెవెన్యూ అధికారులకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువులను విదేశాలకు తరలించడం నేరం.

సారాంశం

కడప జిల్లా శిల్పాలు కొన్ని కాపాడటం కోసం, కొన్ని సేకరణ కోసం మదరాసు మ్యూజియానికి చేరాయి. ఊరు విడిచిన శిల్పానికి అర్థాన్ని తిరిగి కల్పించడం క్యూరేటర్ బాధ్యత. సి. శివరామమూర్తి సాహిత్యం, లిపి, రేఖాచిత్రం అనే మూడు సాధనాలతో ఆ పని చేశారు. 1939 నాటి మార్గదర్శిని, 1942 నాటి అమరావతి గ్రంథం, 1952 నాటి లిపుల గ్రంథం, 1964 నాటి నొళంబ శిల్పాల గ్రంథం ఇందుకు నిదర్శనాలు. ఇంగ్లీషులో రాయడం, గ్రంథస్థ సంప్రదాయం మీద ఎక్కువగా ఆధారపడటం ఈ కృషిలోని పరిమితులు. స్థానిక భాషలో, స్థానికుల మాటతో కలిపి శిల్పాలను నమోదు చేస్తే ఆ ఖాళీ పూడుతుంది. ఆ పనికి పెద్ద పదవి అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, కొలతల టేపు, పెన్సిలు ఉంటే ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మ్యూజియం క్యూరేటర్‌గా, బోధకుడిగా సి. శివరామమూర్తి కృషిని వివరించండి.
2. శిల్పాలను మ్యూజియాలకు తరలించడం వల్ల కలిగిన లాభనష్టాలను దానవులపాడు, అమరావతి ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పెద్దముడియం శిలాఫలకం
2. నలగిరి ఏనుగు శిల్పంలోని కథన పద్ధతి
3. గ్రంథాల ఆధారంగా శిల్పాలను గుర్తించే పద్ధతిలోని పరిమితులు